బతుకు కథే కాదు, దయ్యం కథ కూడా మనదే

యూనివర్సిటీ హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉండే అద్దె గదుల్లో మన పిల్లలు రాస్తున్నారు. కొందరు నోటు పుస్తకాల్లో, ఎక్కువమంది ఫోన్లలో. దళిత సాహిత్యం అనగానే మన మనసులో మెదిలే రకం రాతలే కావు అవన్నీ. హత్య చేసిందెవరో తేల్చే కథలున్నాయి, పాడుబడ్డ బావిలోంచి పిలిచే గొంతులున్నాయి, కాలంలో వెనక్కి వెళ్లే మనుషులున్నారు. వీటిని పట్టుకుని ఎవరి దగ్గరికైనా వెళితే తరచుగా వినబడే సలహా ఒకటుంది: ఇవన్నీ నీకెందుకు, నీ జీవితం రాయి, అదే గొప్ప కథ.

సలహా ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. చాలాసార్లు మన ప్రొఫెసర్లే, మన ఉద్యమ మిత్రులే. కానీ ఆ మాట వెనక ఒక పని విభజన ఉంది. బాధను రాయడం మీ పని, ఊహించడం ఇంకెవరి పనో. కుల వ్యవస్థ శ్రమను మాత్రమే కాదు, శ్రామికులనే విభజించిందని బాబాసాహెబ్ మనకు నేర్పాడు. సాహిత్యంలోనూ ఆ గీత అలాగే ఉంది. అనుభవం మనది, కల్పన వాళ్లది.

ఈ గీతను దాటి అచ్చులోకి రావడానికి ఒక రచయితకు ఏమేం కావలసి వచ్చిందో చూడటానికి ఆక్టేవియా బట్లర్ దారి ఉపయోగపడుతుంది. ఆమె అమెరికా నల్లజాతి స్త్రీ. సైన్స్ ఫిక్షన్ రచయిత్రి. ఆమె పుస్తకాల గొప్పతనం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నాకు కావలసింది ఆ పుస్తకాలు రాకముందు గడిచిన కాలం.

బట్లర్ 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషి. తల్లి వెంట వెళ్లిన పిల్ల, అమ్మను వెనక గుమ్మం నుంచి మాత్రమే లోపలికి రానివ్వడం చూసింది. ఆ ఇళ్లవాళ్లు పారేసిన పుస్తకాలు, పత్రికలు తల్లి ఇంటికి మోసుకొచ్చేది. పదేళ్ల వయసులో పోరు పెట్టి టైప్‌రైటర్ కొనిపించుకుంది. 12 ఏళ్లప్పుడు టీవీలో అంగారక గ్రహం నుంచి వచ్చిన ఆడమనిషి గురించిన ఒక నాసిరకం సినిమా చూసి, ఇంతకన్నా మంచి కథ నేను రాయగలను అనుకుంది. అప్పుడే మొదలుపెట్టింది. నల్లవాళ్లు రచయితలు కాలేరమ్మా అని సొంత మేనత్తో పిన్నో చెప్పే రోజులవి. ఆ మాటలో ద్వేషం లేదు. పిల్ల ఆశపడి దెబ్బతింటుందనే భయం ఉంది. మన ఇళ్లలోనూ ఈ భయాన్ని ఎరుగుదుం. డిగ్రీ చదివే కొడుకు కథలు రాస్తానంటే, ముందు గ్రూప్ ఫోర్ రాయరా అనే తల్లి కంఠంలో ఉండేది అదే.

ఆమె మొదటి నవల 'ప్యాటర్న్‌మాస్టర్' 1976లో వచ్చింది. అంటే మొదలుపెట్టినప్పటి నుంచి దాదాపు 17 ఏళ్లు. ఇందులో ప్రతిభ లేని కాలం ఎంత, దారి లేని కాలం ఎంత? మంచి రచన అయితే ఎప్పటికైనా బయటికొస్తుంది అనే మాటను నమ్మేవాళ్లు ఈ లెక్క తీయాలి. సీట్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర మెరిట్ అనే మాటను మనం విప్పి చూపించాం. సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి మనమే ఆ మాటను నమ్ముతున్నాం.

మొదట మోసం ఎదురైంది. ఏజెంటునని చెప్పుకున్న ఒకరు, రాతప్రతి చదివి పెట్టడానికి ఆమె తల్లి దగ్గర ఫీజు తీసుకున్నారు. నెల ఇంటి అద్దెను మించిన సొమ్ము అది. దాని వల్ల ఒరిగిందేమీ లేదు. ఆ సంగతి ఈనాటి తెలుగు కొత్త రచయితకు వింతగా అనిపించదు. డబ్బు కట్టు, పుస్తకం వేస్తాం అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అచ్చు ఖర్చు రచయితదే, అమ్ముకునే బాధ్యత కూడా రచయితదే. చివరికి కట్టలన్నీ మంచం కింద చేరతాయి. ముందుగా కట్టగలిగిన స్తోమత ఉన్నవాడే రచయిత అవుతాడు. దాన్ని కూడా మనం సాహిత్య ప్రమాణం అనే పిలుస్తున్నాం.

మలుపు తిప్పింది రెండు శిక్షణ తరగతులు. హాలీవుడ్ స్క్రీన్ రైటర్ల సంఘం మైనారిటీ వర్గాల రచయితల కోసం నడిపిన ఉచిత వర్క్‌షాప్‌లో ఆమె చేరింది. అక్కడ పాఠం చెప్పిన హార్లన్ ఎలిసన్ ఆమెను సైన్స్ ఫిక్షన్ రచయితల కోసం పెట్టిన క్లారియన్ వర్క్‌షాప్‌కు పంపాడు. 1970లో పెన్సిల్వేనియాలో ఆరు వారాలు. చదవడం, రాయడం, ఒకరి కథను మరొకరు విప్పి చూడటం. అక్కడ బోధించినవాళ్లలో శామ్యూల్ డిలేనీ ఉన్నాడు. అప్పటికే పేరున్న నల్లజాతి సైన్స్ ఫిక్షన్ రచయిత. తనలాంటి మనిషి ఈ పని చేసి బతుకుతున్నాడని కళ్లతో చూడటం విద్యార్థికి ఏం ఇస్తుందో దళిత ప్రొఫెసర్ ఉన్న డిపార్ట్‌మెంట్‌లో చదివినవాళ్లకు చెప్పనక్కరలేదు.

డిలేనీ దారిలోనూ గోడ ఉంది. 1968లో వచ్చిన తన 'నోవా' నవలను సీరియల్‌గా వేయడానికి 'అనలాగ్' పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ ఒప్పుకోలేదని, నల్లజాతి కథానాయకుడిని తన పాఠకులు దగ్గరకు తీయలేరన్నది ఆయన చెప్పిన కారణమని డిలేనీ తర్వాత రాశాడు. నక్షత్రాల మధ్య ప్రయాణాన్ని నమ్మగలిగిన పాఠకుడు, ఆ ఓడను నల్లవాడు నడపడాన్ని నమ్మలేడట. ఊహకు కూడా రంగు ఉంటుందని ఇంతకన్నా తేటగా చెప్పలేం.

క్లారియన్‌లో బట్లర్ రెండు కథలు అమ్మింది. ఒకటి 1971లో అచ్చయింది. రెండోదాన్ని ఎలిసన్ తన సంకలనం కోసం తీసుకున్నాడు. ఆ సంకలనం ఆమె జీవితకాలంలో రానేలేదు. 'చైల్డ్‌ఫైండర్' అనే ఆ కథ 2014లో గానీ పాఠకులకు చేరలేదు. అప్పటికి బట్లర్ పోయి ఎనిమిదేళ్లు. ఆ రెండు కథల తర్వాత ఐదేళ్లు ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఆ కాలంలో ఆమె గిన్నెలు కడిగింది, ఫోన్లో సరుకులు అమ్మింది, చిప్స్ ఫ్యాక్టరీలో చెడిపోయినవి ఏరింది. తెల్లవారుజామున రెండింటికో మూడింటికో లేచి రాసుకుని, ఆ తర్వాత కూలికి వెళ్లింది.

ఈ భాగాన్ని పట్టుదల కథగా చెప్పడం మనకు అలవాటు. కష్టపడితే ఫలితం ఉంటుంది, చూశారా అని. నేను అలా చదవను. ఎవరైనా ఆ ఐదేళ్ల అద్దె కట్టి ఉంటే ఎన్ని పుస్తకాలు వచ్చేవి? మొదటి నవల అమ్ముడుపోయాక 1976 నుంచి 1980 దాకా ఐదేళ్లలో ఐదు నవలలు వచ్చాయి. 1978లో వచ్చిన 'సర్వైవర్' ఆమెకు నచ్చని పుస్తకం, తర్వాత తిరిగి అచ్చు వేయనివ్వలేదు. కానీ దాని మీద వచ్చిన అడ్వాన్సుతోనే మేరీలాండ్ వెళ్లి, బానిసత్వం నాటి చరిత్రను వెతికి, 1979లో 'కిండ్రెడ్' ఇవ్వగలిగింది. ఒక అడ్వాన్సు ఒక మహా నవలకు దారి ఖర్చు అయింది. రచయితకు డబ్బు గురించి మాట్లాడటం చిన్నతనం అనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఆ నవల పుట్టిన కారణం మన విద్యార్థులకు ఇంకా దగ్గర. కాలేజీలో ఒక నల్లజాతి యువకుడు, మన పెద్దలు తెల్లవాళ్ల దగ్గర తల వంచారు, వాళ్ల వల్లే మనం ఇలా ఉన్నాం అని కోపంగా అనడం ఆమె విన్నది. వెనక గుమ్మంలోంచి వెళ్లిన తల్లి ఆమెకు గుర్తుంది. ఆ వంగిన తల తన కడుపు నింపిందని తెలుసు. ఆ యువకుడికి జవాబు వ్యాసంలో కుదరదు. అందుకే 1976 నాటి లాస్ ఏంజెలిస్‌లో ఉన్న డేనా అనే నల్లజాతి రచయిత్రిని మేరీలాండ్‌లోని బానిసల తోటలోకి, అంతర్యుద్ధానికి పూర్వపు కాలంలోకి విసిరేసింది. చదువు, ఆత్మగౌరవం, హక్కుల భాష అన్నీ ఉన్న మనిషి అక్కడ ఎన్నాళ్లు తలెత్తి నిలబడగలదు? ఆ ప్రశ్నను పరీక్షించడానికి కాలప్రయాణం కావాలి. అది ఆమెకు అలంకారం కాదు, పనిముట్టు.

మా తాతలు ఎందుకు ఊరుకున్నారు అని మన పిల్లలూ అడుగుతారు. పీష్వాల పుణెలో అంటరానివాళ్లు మెడలో కుండ, నడుముకు చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చిందని 'కుల నిర్మూలన'లో చదివి, తర్వాత పేజీకి వెళ్లిపోతారు. హైటెక్ సిటీలో పనిచేసే అమ్మాయి ఒక ఉదయం ఆ వీధిలో కళ్లు తెరిస్తే? మెడలో ఆ కుండ బరువు ఎంత, ఉమ్మి ఎండే లోపు ఎంత దూరం నడవచ్చు, నీడ పొడవు పడే సాయంత్రం పూట ఎక్కడ దాక్కోవాలి? ఈ నవల ఎవరో ఒకరు రాయాలి. ఆత్మకథ దాన్ని రాయలేదు, ఎందుకంటే అది రాయగలిగిన వాళ్లెవరూ ఇప్పుడు లేరు.

ఆత్మకథల విలువను తగ్గించడం నా ఉద్దేశం కాదు. దయా పవార్ 'బలుత' 1978లో, బామా 'కరుక్కు' 1992లో, ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్' 1997లో వచ్చి సవర్ణ సాహిత్యం దాచిన దేశాన్ని బయటపెట్టాయి. తెలుగులో కారంచేడు, చుండూరు తర్వాత వచ్చిన దళిత కవిత్వం, 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' లేకుండా ఈరోజు ఈ వ్యాసమే ఉండదు. ఆ తలుపును మనవాళ్లే బద్దలు కొట్టారు. ఇబ్బంది ఎక్కడంటే, ప్రచురణ రంగం, సిలబస్ కమిటీలు ఆ ఒక్క తలుపునే మనకు కేటాయించాయి. గాయం చూపిస్తే లోపలికి రావచ్చు. గాయం మానిన తర్వాత ఏం కలగన్నావో మాత్రం చెప్పొద్దు.

మన దగ్గర ఊహ తక్కువా? అణ్ణాభావు సాఠే బడిలో చదివింది దాదాపు ఏమీ లేదు. ముంబైలో కూలి పనులు చేసి, పదుల సంఖ్యలో నవలలు రాశాడు. సాహసగాథలా పరుగెత్తే 'ఫకీరా'ను 1959లో ప్రచురించి బాబాసాహెబ్‌కు అంకితమిచ్చాడు. మరాఠీ పాఠకులు ఎగబడి చదివారు. 1969లో పేదరికంలో పోయాడు. అమెరికాలో డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ 1920లోనే, తోకచుక్క విషవాయువుకు న్యూయార్క్ నగరం చచ్చిపోతే మిగిలిన ఒక నల్లవాడి గురించి 'ది కామెట్' అనే కథ రాశాడు. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే, నల్లజాతి వాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి పంపమని. సామాజిక శాస్త్రవేత్తగా ఆయన మనకు తెలుసు. ప్రపంచం అంతమైతేనే గానీ జాతిగీత చెరగదా అని కథలో పరీక్షించిన రచయితగా ఆయనను మనం చదవలేదు.

ఊహ ఎవరి చేతిలో ఉందనేది మనకు ప్రాణం మీదికి వచ్చే సంగతి కూడా. తెలుగు వారపత్రికల సీరియళ్లు, అద్దె పుస్తకాల షాపుల నవలలు రెండు తరాలకు చదవడం నేర్పాయి. మన వాడల్లోనూ వాటిని చిరిగిపోయేదాకా చదివారు. వాటిలో డిటెక్టివ్ ఎవరు, డాక్టరు ఎవరు, చేతబడి చేసే భయంకరమైన మనిషి ఎవరు? మంత్రగాడి గుడిసె ఊరి చివర ఎందుకుంటుంది, వాడు ఎందుకు నల్లగా ఉంటాడు? బాణామతి చేస్తున్నారనే అనుమానంతో పళ్లు రాలగొట్టడం, కొట్టి చంపడం, తగలబెట్టడం తెలుగు పల్లెల్లో జరిగాయి. చచ్చినవాళ్లలో పేదలు, కింది కులాలవాళ్లు, ఆదివాసులు, ఒంటరి ముసలివాళ్లు. ఆ నవలలే చంపాయని అనను. కానీ దయ్యం మొహం ఎలా ఉంటుందో ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉంటారు. దాన్ని నిర్ణయించే కలం మన చేతిలో లేనంతకాలం, ఆ మొహం మనదే అవుతుంది.

బట్లర్ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ఆమె కథ ఆమెతో ఆగలేదు. 2006లో ఆమె పోయాక, కార్ల్ బ్రాండన్ సొసైటీ అనే సంస్థ ఆమె పేరుతో స్కాలర్‌షిప్ పెట్టింది. తెల్లజాతికి చెందని రచయితలను క్లారియన్, క్లారియన్ వెస్ట్ వర్క్‌షాప్‌లకు పంపడం దాని పని. 2015లో ఆ స్కాలర్‌షిప్ మీద క్లారియన్ వెస్ట్‌కు వెళ్లినవారిలో కోల్‌కతాకు చెందిన మిమి మొండల్ ఉన్నారు. దళిత రచయిత్రిని అని చెప్పుకుని రాసే మనిషి. బట్లర్‌కు రాసిన ఉత్తరాలు, వ్యాసాలతో అలెగ్జాండ్రా పియర్స్‌తో కలిసి ఆమె సంపాదకత్వం వహించిన 'ల్యూమినసెంట్ థ్రెడ్స్' 2017లో వచ్చి, మరుసటి ఏడాది లోకస్ అవార్డు గెలిచింది, హ్యూగో అవార్డు తుది జాబితాకు చేరింది. సర్కస్, జిన్, ఆశ్రయం వెతుక్కునే దేవదాసీ పిల్ల ఉన్న ఆమె కథ నెబ్యులా తుది జాబితాలోకి వెళ్లింది. ఇక్కడ మన గడ్డ మీద 2024లో చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ ప్రచురణ సంస్థ కుల వ్యతిరేక సైన్స్ ఫిక్షన్ సంకలనమే ఒకటి తెచ్చింది.

పాసడీనాలో ఒక పనిమనిషి కూతురు నడిచిన దారి, కోల్‌కతా నుంచి బయల్దేరిన ఒక దళిత రచయిత్రికి వంతెన అయింది. ఈ వంతెన దానంతట అది ఏర్పడలేదు. ఉచిత వర్క్‌షాప్, కథకు డబ్బిచ్చే పత్రిక, ముందే అడ్వాన్సు ఇచ్చే ప్రచురణకర్త, పేరు మీద స్కాలర్‌షిప్, పాత పుస్తకాన్ని తిరిగి అచ్చు వేసే సంస్థ. 'కిండ్రెడ్' అచ్చులో లేకుండా పోయినప్పుడు, 1988లో బీకన్ ప్రెస్ నల్లజాతి స్త్రీల రచనల వరుసలో మళ్లీ వేయబట్టి అది ఈనాడు క్లాసుల్లో పాఠమైంది. 1995లో మెకార్థర్ ఫెలోషిప్ పొందిన మొదటి సైన్స్ ఫిక్షన్ రచయిత బట్లరే. ప్రతి మెట్టు దగ్గరా ఒక సంస్థ ఉంది. అది లేని చోట ఐదేళ్ల నిశ్శబ్దం ఉంది.

తెలుగులో ఈ మెట్లలో మనకు ఎన్ని ఉన్నాయి? కరోనా కాలంలో పలు వారపత్రికలు అచ్చు ఆపేశాయి. డిటెక్టివ్, హారర్ రాసే కొత్తవాళ్లు ప్రతిలిపి లాంటి యాప్‌లకు, ఆడియో కథల యాప్‌లకు వెళ్లారు. అక్కడ పాఠకులు దొరుకుతారు. కథను పట్టుకుని కూర్చుని, మూడో అధ్యాయం ఎందుకు కుంటుతోందో చెప్పే ఎడిటర్ దొరకడు. సాహిత్య సంస్థల అవార్డులు పుస్తకం వచ్చిన తర్వాత వస్తాయి. పుస్తకం రాకముందు, తెల్లవారుజామున లేచి రాసుకునే మనిషికి మన దగ్గర ఉన్న ఏర్పాట్లు చాలా తక్కువ.

సంస్థలు మన చరిత్రకు కొత్తవి కావు. 1936లో లాహోర్ జాత్ పాత్ తోడక్ మండల్ ఉపన్యాసాన్ని రద్దు చేస్తే, బాబాసాహెబ్ తన సొంత ఖర్చుతో 'కుల నిర్మూలన' 1500 ప్రతులు అచ్చు వేయించాడు. 1956లో 'బుద్ధుడు, ఆయన ధమ్మం' కోసం 500 ప్రతులు కొనమని ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశాడు. అది జరగలేదు. పుస్తకం ఆయన పోయాక 1957లో, ఆయన పెట్టిన విద్యాసంస్థ వాళ్ల చేతుల మీదుగానే వెలువడింది. రాజ్యాంగ ముసాయిదా రాసిన మనిషికే అచ్చు దగ్గర ఇంత ఇబ్బంది. ఆయన నేర్పిన పాఠం మాత్రం తేట: పత్రిక పెట్టు, ప్రెస్ పెట్టు, కాలేజీ పెట్టు. ఎవరైనా వేస్తారేమో అని కూర్చోకు.

రోహిత్ వేముల చివరి లేఖను మనం పదేపదే చదివాం. మనిషి విలువను అతని గుర్తింపు స్థాయికి కుదించడం గురించి రాసిన మాటలు మన గోడల మీద ఉన్నాయి. అదే లేఖలో, కార్ల్ సేగన్‌లా విజ్ఞాన శాస్త్ర రచయిత కావాలనుకున్నానని కూడా అతను రాశాడు. ఆ కోరికను మనం తక్కువ తలుచుకున్నాం. నక్షత్రాల గురించి రాయాలనుకున్న పిల్లవాడిని ఈ వ్యవస్థ తన గాయం గురించి తప్ప మరేమీ రాయనివ్వలేదు. అతని తర్వాత వచ్చే పిల్లలకు మనం కూడా అదే పని చేస్తే ఎలా?

ఈ వ్యాసం చదివే విద్యార్థులు, అధ్యాపకులు చేయగలిగిన పనులు ఉన్నాయి. అంబేడ్కర్ విద్యార్థి సంఘాలు చర్చా సమావేశాలు నడిపినట్టే, నెలకోసారి రాతప్రతులు చదివి విప్పి చూసే కూటమి నడపవచ్చు. దానికి ఒక గది, పది కుర్చీలు చాలు. దళిత సాహిత్యం మీద పరిశోధన చేయించే ఆచార్యులు, ఆత్మకథల పక్కన ఒక హారర్ నవలను, ఒక డిటెక్టివ్ కథను కూడా సిలబస్‌లో పెట్టవచ్చు, వాటి మీద పరిశోధనను ప్రోత్సహించవచ్చు. మన పోర్టళ్లు, పత్రికలు వ్యాసాలతో పాటు కథను అడిగి, చిన్న మొత్తమైనా డబ్బిచ్చి వేసుకోవచ్చు. ఉచితంగా రాయమని అడగడం వెట్టికి మర్యాదైన పేరు, అంతే.

ప్రతి ఏప్రిల్ 14కు ఫ్లెక్సీలకు, స్టేజీలకు, డీజేలకు ఊరూరా మనం పెట్టే ఖర్చు తక్కువేమీ కాదు. పండుగ చేసుకోవద్దని అనను, అది మన పండుగ. ఒక జిల్లాలో ఒక్క సంఘం, ఒక్క ఏడాది ఆ ఖర్చులో కొంత పక్కన పెట్టి, ఒక్క యువ రచయితకు ఆరు నెలల గది అద్దె, మెస్ బిల్లు కట్టిందనుకోండి. షరతు ఒకటే ఉండాలి: ఏం రాయాలో చెప్పకూడదు. ఆ అమ్మాయి తన తల్లి బతుకు రాస్తే రాసింది. అంగారక గ్రహం మీద మాలపల్లె కడతానంటే, అది కూడా కట్టనివ్వాలి.